ముప్పాతిక

ఏప్రిల్ పదకొండున కురిసిన మంచు
మే నెలాఖరుకి నా బల్ల మీదికి చేరింది,
ఫొటోలుగా, చెవి బిళ్లల నంబర్లుగా,
తడిసి ఆరి ఉబ్బిన నోటుబుక్కు కాగితాలుగా.

వెసెలీ కౌంటీ వ్యవసాయ కార్యాలయంలో
రెండో కిటికీ నాది.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే కూర్చుని
వడగళ్లకొక ఫారం, కరువుకొక ఫారం
చేతికందిస్తున్నాను.
పెన్ను మాత్రం దారం కట్టే ఉంచుతాం.

చచ్చిన గొడ్డుకి పాలెక్కువంటారు.
ఈ బల్ల మీద కాదు.
ఇక్కడ దాని విలువ
బతికున్న గొడ్డు ధరలో ముప్పాతిక.
మిగిలిన పాతిక ఎటు పోయిందని
ఎవరూ అడగరు.

డెల్మర్ హాఫ్‌స్టాడ్ ఫొటోలు బోర్లించి నా వైపు తోశాడు.
నలభై ఒకటి.
గాలికి వీపు తిప్పి నడిచాయట రాత్రంతా.
కంచె మంచులో కూరుకుపోయింది.
దాని మీదుగానే నడిచి
చెరువు పల్లంలోకి దిగాయి, ఒకదాని వెనక ఒకటి.
"ముందున్నది మంచి ఆవు," అన్నాడు.
"దాని మాట మిగతావి వినేవి."
ఈ ముక్క రాయడానికి ఫారంలో గడి లేదు.

ట్రూడీ వోబోరిల్ పంతొమ్మిది రాసింది.
నేను ఫొటోలు లెక్కపెట్టాను. ఇరవై.
మళ్లీ లెక్కపెట్టాను.
"ఆ చివరిది పొరపాటున వచ్చింది, ఇచ్చెయ్."
స్నానాల తొట్టెలో తువ్వాళ్ల మీద లేగ.
మూతి మీద ఇంకా పాల నురగ.

నాలుగు రోజులు సీసాతో తాగించిందట.
హెయిర్‌డ్రయ్యర్ కాలిపోతే
పొరుగింటి నుంచి ఇంకోటి తెచ్చిందట.
"రూలు ప్రకారం అదీ తుఫాను కిందికే వస్తుంది, ట్రూడీ.
అరవై రోజుల్లోపు ఏది పోయినా వస్తుంది."
"అది చలికి పోలేదు," అంది.
"నాలుగో రాత్రి నేను నిద్రపోయాను."

పంతొమ్మిది దగ్గరే సంతకం పెట్టింది.
ఫొటో మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

అక్టోబరులో జాబితా వారపత్రికలో పడింది,
పేర్లు, ఎదురుగా డాలర్లు.
ధాన్యం గిడ్డంగి దగ్గర కాఫీ తాగేవాళ్లు
బొటనవేలితో కిందికి చదువుకుంటూ పోయారు.
"వీడికింతా?" అన్నచోట వేళ్లు ఆగాయి.
ఏ చెక్కు మీదైనా రైతు పేరు పక్కన
బ్యాంకు పేరు కూడా ఉంటుందని
జాబితా చెప్పదు.

అన్నిటికన్నా పైన మా అన్న ఆర్లో పేరు.
వాడి కాగితాలు మూడో కిటికీకి పంపించాను, రూలు అది.
వాడి పాకలో ఎన్ని పట్టేవో నాకు తెలుసు,
చిన్నప్పుడు ఆ పేడ ఎత్తింది నేనే.
నన్నెవరూ అడగలేదు.
థాంక్స్‌గివింగ్‌కి వాళ్లింట్లోనే తిన్నాం.
మాంసం మెత్తగా ఉందని వదినతో అన్నాను.

ట్రూడీ ఆ రోజు వెళ్లిపోయాక,
అలవాటు కొద్దీ, ఆ లేగకి లెక్క కట్టాను.
ధర ఇంత, అందులో ముప్పాతిక ఇంత.
ఆ చిత్తుకాగితం క్యాలెండరు వెనక ఉంది.
నెల మార్చడానికి పేజీ ఎత్తినప్పుడల్లా
అంకెలు సరిగానే ఉన్నాయా అని చూస్తాను.
సరిగానే ఉంటాయి.