టేపు మీద టేపు

సాలిగ్రామంలో మా రేకుల షెడ్డు ఇప్పుడు టైల్స్ గోడౌను.
పంతొమ్మిదేళ్లు నడిచిన "అటుకుల మూట" మీద
ఇన్నాళ్లకి పుస్తకం వేస్తున్నారట.
ఒక కుర్రాడొచ్చి, ఫోనుని మంచినీళ్ల గ్లాసుకి ఆనించి
"సుగుణమణి గారూ, మొదటి ఎపిసోడ్ ఎక్కడుందండీ?" అన్నాడు.

లెడ్జరు తీశాను.
నీలం సిరా. నా చేతిరాతే.
ఒకటో నంబరుకి ఎదురుగా:
"దీని మీద నలభై మూడు ఎక్కించడమైనది."

కొత్త టేపు ఖరీదు ఆ రోజుల్లో నా నెల జీతం.
శుక్రవారం రాత్రి రైలుకి
టిఫిను క్యారియరు సంచిలో హైదరాబాదు వెళ్లేది,
మంగళవారం అదే సంచిలో, ఆవకాయ వాసనతో తిరిగొచ్చేది.
"నవ్వడం అయిపోయిందిగా, దాచుకుని ఏం చేస్తాం?"
అనేవారు ప్రొడ్యూసరు బంగారయ్య.
వెనక్కి తిప్పి ఇచ్చేదాన్ని నేను.
ఒకటి, రెండు, మూడు...
నూటపదహారు దాకా నేనే.

పెద్ద వానలొచ్చిన ఏడు
షెడ్డులో మోకాలి లోతు నీళ్లు.
పాత నవ్వులన్నీ వరద పట్టుకుపోయిందని
అందరూ అనుకున్నారు.
నేను కాదనలేదు.

కుర్రాడు కాగితాలు తిరగేస్తున్నాడు.
చిట్టెమ్మ వేషం మీద నాలుగు పేజీలు రాసుకొచ్చాడు.
మూతి మీంచి జారని ఆ కొంగు,
దాని చాటున కదిలే ఆ మీసం,
"ఆడతనం మీదా మగతనం మీదా
ఒకేసారి విసిరిన వ్యంగ్యం కదండీ?"

నాయనా,
గోవిందస్వామికి పక్క ఫ్లోరులో
అరవ సినిమాలో కానిస్టేబులు వేషం.
మీసం తీస్తే రోజుకూలీ పోతుంది.
అందుకే కొంగు.
మూడో వారం అది జారింది,
దేశం నవ్వింది,
నాలుగో వారం నుంచీ అది జారడానికే ఉంది.

కుర్రాడు ఆ నాలుగు పేజీలూ కొట్టెయ్యలేదు.
పక్కన చిన్న అక్షరాలతో "కూలీ" అని రాసుకున్నాడు.

మరి ఆ నవ్వులెవరివి అన్నాడు.
జనాన్ని కూర్చోబెట్టడానికి మాకు బెంచీలేవీ?
లైటుబాయిలు, వడ్రంగులు, నీళ్ల లారీ డ్రైవరు,
అందరూ అరవవాళ్లే.
దేవసహాయం ఎర్ర తువ్వాలు ఎత్తితే నవ్వాలి,
దించితే ఆపాలి.
ఇసక్కి ఒక్కడు, టీ తెచ్చే పిల్లాడు,
తువ్వాలు లేవకముందే నవ్వేసేవాడు.
తెలుగు ఒక్క ముక్క రాదు వాడికి.
తువ్వాలుతోనే రెండు తగిలించేవాడు దేవసహాయం.
ఆ వెధవ దానికీ నవ్వేవాడు.

వడపళనిలో ఒక్కాయన దగ్గరే ఉంది
ఆ టేపు తిరిగే మిషను.
ఆటోలో వెళ్లాం, నలభై మూడుని ఒళ్లో పెట్టుకుని.
పెళ్లిచూపుల స్కిట్టు. రేషను క్యూ స్కిట్టు.
పేర్లు పడ్డాయి.
నలుపు.
అయిపోయిందని మిషనాయన చెయ్యి చాపాడు.
"ఉండండి" అన్నాను.
ఎందుకన్నానో తెలీదు.

గీతలు, నీలం మంచు,
అడుగునున్న ఒకటో నంబరు పైకి తేలింది.
నలభై మూడు నాలుగు సెకన్లు పొట్టిది,
అంతకన్నా పెద్ద కారణమేం లేదు.
చీర కట్టుకున్న గోవిందస్వామి, పాతికేళ్లవాడు,
కొంగు భుజాన, మీసం బయట,
పైకి చూసి ఎవరినో అడుగుతున్నాడు:
"కరెంటు పోయిందా, నేను పోయానా?"
తువ్వాలు లేవలేదు.
ఎక్కడో దూరంగా, గ్లాసుల చప్పుడు మధ్య,
ఒకే ఒక్క నవ్వు.

మళ్లీ వెయ్యమన్నాడు కుర్రాడు.
మళ్లీ వేశారు.
ఐదోసారికి మిషను వేడెక్కింది.

బయటికొచ్చాక, ఆటో బేరం నడుస్తుంటే,
పుస్తకంలో వెయ్యాలి, ఇసక్కి పూర్తి పేరేమిటన్నాడు.
నాకు తెలీదు.
ఇంటికొచ్చి లెడ్జరు మొదట్నించీ చూశాను.
టీ ఖర్చు కింద ఉంది:
ఇసక్కి, పద్దెనిమిది గ్లాసులు.
ఒకటి పగిలింది.
కోత, రూపాయిన్నర.