మూతపడ్డ దుకాణాల జట్టు

ఆదివారం ఏడున్నర. స్కెల్డె నది
పొగమంచు ముసుగు తన్ని ఇంకా లేవలేదు.
చలి సున్నాకి మూడు మెట్ల కింద.
గొదెలీవ గరాజ్ ముందు ఎనిమిది సైకిళ్లం,
ముక్కులు బీట్‌రూట్ ముక్కలు.

లోపల ఆమె అల్లిక యంత్రం.
మిల్లు మూసేసిన ఏడు
జీతం బాకీ కింద లాక్కొచ్చుకుంది దాన్ని,
పదకొండు పెట్టెల ఊలుతో సహా.
ఎవరికీ అక్కర్లేని పాత రంగులు:
నూరిన ఆవపిండి పసుపు, సీసా పచ్చ, తుప్పు ఎరుపు,
ఇంకా ఒక నీలం.
"సోమవారం నీలం" అంటుంది, ఎందుకో చెప్పదు.

ఇప్పటి బట్టలు నల్లగా, నున్నగా, చేపతోలులా
గాలిని కోస్తాయట.
ఇవి కోయవు. గాలితో బేరమాడతాయి.
మెడకింద మూడు గుండీలు, వీపున మూడు జేబులు,
భుజం నుంచి భుజానికి అడ్డచారలు,
తడిస్తే గొర్రె వాసన,
తడిసినా వెచ్చన.

వెనకటి జెర్సీల రొమ్ము మీద
ఏదో కంపెనీ పేరుండేది.
మాకెవరిస్తారు డబ్బు?
అందుకని మా వీధిలో మూతపడ్డ కొట్ల పేర్లు
తనే కుట్టేసింది.
వాన్నెస్ మీద రొట్టెల కొట్టు,
ఐనెకె మీద లాంతర్లూ వత్తులూ,
నా మీద డె ప్లూఖ్ వారి పాల కేంద్రం,
ఒక అక్షరం తక్కువ. దారం అయిపోయిందట.

మంచులో ముందువాడి చక్రం కనపడదు.
రంగు కనపడుతుంది.
ప్రతి మలుపులో వెనక్కి తిరిగి లెక్కపెడతాం:
రొట్టెలు వచ్చాయి, పాలు వచ్చాయి, లాంతర్లు వచ్చాయి,
మాంసం కొట్టేదీ?
అదుగో, గొలుసు ఊడి గొణుక్కుంటోంది.

రూలాంట్ ఒక్కడే వేసుకోనన్నాడు.
వాళ్ల నాన్నది రేడియోలు బాగుచేసే కొట్టు,
తాళం పడింది అప్పులవాళ్ల చేతుల్తో.
"అప్పులు కూడా అల్లుతావా?" అన్నాడు.
గొదెలీవ సూది ఆపకుండానే
"రంగు చాలితే" అంది.

నల్లకోటులోనే వచ్చేవాడు.
డిసెంబరులో ఒక ఉదయం
కొట్లన్నీ లెక్కకొచ్చాయి,
హాయిగా తొక్కుకుంటూ పోయాం.
మూడు కిలోమీటర్లు దాటాక
ఐనెకె అడిగింది: "కొట్టు లేనివాడేడీ?"

చెరుకుదుంపల కుప్ప పక్కన, కాలవలో,
కంటె ఎముక విరిగి,
మేం పేర్లు పిలుచుకుంటూ పోవడం
విన్నాడట.
మేం క్షమించమని అనలేదు. అనడం మాకు రాదు.
మా వాళ్లెవరో మాంసం సూపు పట్టుకెళ్లారు.

ఈ వారం వచ్చాడు.
జనవరిలోనే గొదెలీవకి ఓ కాగితం ఇచ్చాడట,
నాన్న బోర్డు మీది అక్షరాలు, అదే వంపుతో.
ఆవపిండి మీద తుప్పు ఎరుపు.
అద్దం చూసుకోలేదు. సరాసరి సైకిలెక్కాడు.

రాళ్లు పరిచిన గుట్ట ఎక్కుతున్నాం,
పళ్లూ హ్యాండిళ్లూ ఒకే తాళంలో వణుకుతూ.
పైన ఆఖరి ఇంటి తలుపు తెరుచుకుని
ఒక ముసలావిడ, చెప్పుల మీదే, మంచులోకి.
చెయ్యి అడ్డం పెట్టింది. మేం ఆగాం.
రూలాంట్ రొమ్ము మీది పేరు
పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"నా రేడియో మీ దగ్గరే ఉండిపోయింది,
ఎనభై మూడు నుంచి."

ఎవరం నవ్వలేదు.
రూలాంట్ ఒక కాలు నేల మీద ఆనించి
గ్లవ్స్ తీశాడు,
కొట్టులో మనిషి తీసినట్టు.
"రసీదు ఉందా అమ్మా?"

"ఉండమంటే ఉండదూ!" అని
లోపలికెళ్లింది.
సొరుగులు తెరుస్తున్న చప్పుడు.
మేం ఎనిమిది మందిమీ అలాగే నిలబడ్డాం,
ఊలు మీంచి ఆవిర్లు లేస్తూ,
తెరిచిన కొట్లలా.