ఒట్టు

మొదటిసారి వెళ్ళింది చర్చి కింది గదికి.
ప్లాస్టిక్ కుర్చీలు, బిస్కెట్లు, మంచి మనుషులు.
మనకన్నా పెద్దదేదో ఉంది, దానికి అప్పగించెయ్ అన్నారు.
దేవుడే కానక్కర్లేదు,
ఆ గోడకున్న హీటరైనా సరే అన్నాడొకాయన, దయగానే.
హీటరు వైపు చూశాను.
నా గొడవ దానికి అప్పగించబుద్ధి కాలేదు.
పాపం, అదే సగం వెచ్చగా ఉంది.

మా నాన్న ఒంగోలు బజార్లో నిప్పుల మీద నడిచినవాడు.
మహిమా లేదు, మంత్రమూ లేదు,
బూడిద వేడిని మెల్లగా ఇస్తుంది,
మధ్యలో ఆగకూడదు, అంతే
అని మైకులో చెప్పి మరీ నడిచాడు.
ఆ ఇంట్లో పుట్టినదాన్ని.
మోకాళ్ళు వంగవు. గొప్ప కాదు, అలవాటు.

ఒట్లు మాత్రం లెక్కలేనన్ని వేశాను.
దేవుడు లేనివాళ్ళకి ఒట్టెయ్యడానికి
మనుషులే మిగులుతారు, అదీ చిక్కు.
అమ్మతోడు అన్నాను.
చదువు మీద ఒట్టన్నాను.
తరళ తల మీద చెయ్యిపెట్టి,
అప్పుడు దానికి ఆరేళ్ళు, జుట్టు తడిగా ఉంది,
ఇంకెప్పుడూ తాగనన్నాను.
ఆ చేత్తోనే, రాత్రి తొమ్మిదిన్నరకి,
స్టీలు గ్లాసులో వైను.
స్టీలు గ్లాసులో ఏముందో పక్కనుంచి కనపడదు. అందుకే అది.

పగలు హల్ నగరం ఆసుపత్రిలో
కడుపులు స్కాన్ చేస్తాను.
జెల్లు చల్లగా ఉంటుంది, ఏమనుకోకండి అంటాను.
తెర మీద ఊళ్ళోవాళ్ళ కాలేయాలు.
కొన్ని కొవ్వు పట్టి తెల్లగా మెరుస్తాయి.
డాక్టరుగారు చెప్తారండీ అని
తెర కొంచెం అటు తిప్పుతాను.
ఒకరోజు గది తలుపేసి
నా పొట్ట మీద నేనే పెట్టుకున్నాను.
తెల్లగా ఉంది.
నాకెవరూ తెర అటు తిప్పలేదు.

ఇప్పుడు మంగళవారాలు, లైబ్రరీ మేడ మీద.
ప్రార్థన ఉండదు.
బోర్డూ, ఎండిపోతున్న మార్కరూ ఉంటాయి.
గ్లెనిస్ నిలువుగా ఒక గీత గీస్తుంది:
తాగితే నష్టం అటు, తాగితే లాభం ఇటు.
లాభం కూడా నిజమే రాయాలి,
లేకపోతే అర్ధరాత్రి అదే వచ్చి తలుపు కొడుతుంది అంటుంది.
నెవిల్, ఒకప్పుడు చేపల ఓడల్లో వంటవాడు,
"సాయంత్రం పొట్టిదవుతుంది" అని రాయించాడు.
ఎవరూ నవ్వలేదు.
"వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నట్టుండదు" అన్నాను నేను.
నష్టం వైపు తరళ జుట్టు అని రాయబోయి, ఆగి,
నెలకి రెండువందల పౌండ్లు అని రాశాను.

కోరిక ఇరవై నిమిషాలుంటుందట.
నాన్న లెక్కే, మధ్యలో ఆగకూడదు.
హంబర్ ఒడ్డుకి నడుస్తాను, మట్టిరంగు నీళ్ళు.
క్రీము రంగు ఫోను పెట్టె నుంచి వరద గోడ దాకా
పదకొండు నిమిషాలు, తిరిగి పదకొండు.
చిన్నప్పుడు అనేవాళ్ళం, ఒట్టు తీసి గట్టున పెట్టు అని.
గోడ మీద చెయ్యానించి
ఒక్కొక్కటే తీసి పెట్టాను:
అమ్మది, చదువుది, చివర్న ఆ తడి జుట్టుది.
విపరీతమైన గాలి.
ఒక్కటీ ఎగిరిపోలేదు.

నలభై ఒకటో రోజు తాగాను.
కారణమా? బస్సు రాలేదు.
మళ్ళీ సున్నా నుంచా అన్నాను.
గ్లెనిస్ మార్కరుకి మూత పెట్టింది.
"నలభై రోజులు తాగలేదు కదా, అది జరిగింది.
జరిగినదాన్ని ఎవరు చెరుపుతారు?"
నెవిల్ టీ తెచ్చిచ్చాడు. పంచదార మరీ ఎక్కువ.

రాత్రి తరళ, పదకొండేళ్ళది ఇప్పుడు,
వంటింటి గుమ్మంలో నిలబడి గ్లాసు వంక చూసింది.
అదే స్టీలు గ్లాసు. పారెయ్యలేదు, మంచి గ్లాసు.
"ఒట్టా?" అంది.
లేదే, ఒట్టు లేదు.
ఇవాళ మంగళవారం. ఇది టీ.
ఇలా రా, వాసన చూసుకో.

చూసుకుంది.