ఇడిసిన సాలు

మోకాళ్ళ డాక్టరు నడువుమన్నడు.
ఎక్కడిదాంక అని చెప్పలే.
పరకాల బస్టాండు ఎనుక చాయ తాగి
జమ్మికుంట దిక్కు మొకం పెట్టిన.

ముప్ఫై ఏండ్లు మార్కెట్ల దడువాయిని.
బోరాల బరువు కంటితోనే చెప్తగని
దూరాల సంగతి నాకు తెల్వదు.
పొద్దు నెత్తిమీదికి రాకముందే చేరుత అనుకున్న.

తారురోడ్డు మీద నడుద్దామంటే
ఇసుక లారీల గాలికే చెప్పులూడుతయి.
పెట్రోలు బంకు దాటినంక
ఎడమచేతి మోదుగు పొదల నడుమ
సన్నపు తెల్లగీత ఒకటి.
మేకలు తొక్కింది కాదు, మనుషులు తొక్కిందే.
మేకల బాట ఆకు దిక్కు తిరుగుతది,
మనిషి బాట నీళ్ళ దిక్కు.

మొదాల చెలక. కంది పూతమీదుంది.
మంచుకు తడిసిన గడ్డి
దోతి అంచును నానబెట్టి ఇడుస్తది.
అడుగడుక్కు పల్లేరు కాయలు
ఏ ఊరని అడిగినట్టు ఆపుతయి.
తుమ్మకింద కూసొని ముండ్లు తీసుకుంట
బీడీ ముట్టిచ్చి, డాక్టరు యాదికొచ్చి, ఆర్పేసిన.
ఎండిన ఒర్రెల ఒంటి చెప్పు,
పసిపిల్లది, ఎర్ర పట్టీ.
దాన్ని తీసి బండమీద పెట్టిన,
రెండోది ఎతుక్కుంట ఎవలన్న వస్తరేమోనని.

ఎస్సారెస్పీ కాలువ కాడ బాట తెగింది.
ఈ ఒడ్డున దిగింది, ఆ ఒడ్డున ఎక్కింది,
నడుమ మనిషి మునిగేటన్ని నీళ్ళు.
కాలువ తవ్వినోళ్ళకు కానరాలేదేమో,
పటంల దీనికి గీత ఉంటెనా!
కట్టెంబడి తూముదాంక పోయి
మళ్ళ ఆ కొసను పట్టుకునేసరికి
కుడి మోకాలు డాక్టరును తిట్టింది,
ఎడమది నన్ను.

ఇగ అటెనుక అంత పత్తే.
తెల్లగ పగిలి, ఏరేటోళ్ళు దొరకక కొంత రాలి,
ఈ గెట్టు నుంచి ఆ గెట్టుదాంక నిండి
బాటను మింగి కూసున్నది.
తప్పిపోయిన, ఎనుకకు తిరుగుదామనుకుంటుండంగ
చేను నట్టనడుమ
తక్‌పట్టీల రాయకుండ ఇడిసిన వరుస లెక్క
విత్తు పడని ఒక్క సాలు.

కొసకు ఒడినిండ పత్తితోని ఒకామె.
సాంబలచ్చినన్నది, అడగకముందే.
"ఎవలకోసం ఇడిసినవ్ అక్కా?"
"గాజుల యాకూబ్ వస్తడు గదా, గీ బాటెంబడే."
"ఎప్పుడొచ్చిండు?"
ఒక చెయ్యి వేళ్ళు అయిపోయినయి,
రెండో చేతిల రెండు మడిచింది.

"మా ఆడిబిడ్డ పెండ్లికి ఉద్దెరిచ్చి పోయిండు.
నలభై రూపాయలు.
ఉద్దెరిచ్చినోడు వచ్చే తొవ్వ దున్నుకుంటే
ఎగబెట్టినట్టు గాదా?
మా ఆయన నవ్వుతడు,
ఏడాదికి పదికిలోలు పాయె అంటడు."

పది కాదు, పన్నెండు పైన్నే.
నోట్లె అనలే గని లెక్కగట్టిన, అలవాటు.
ఒక దిక్కు ఏడేండ్ల పత్తి
ఒక దిక్కు నలభై రూపాయలు.
కాంటా ముల్లు ఎటూ వంగలే.

కొంగుముడి ఇప్పింది. రెండు ఇరవైలు,
ఒకటి మడతల కాడ చిరిగింది.
"జమ్మికుంటకేనా? కనబడితే ఇయ్యి."
"మరి వచ్చే ఏడు ఈ సాలు విత్తుతవా?"
పత్తి మీదికెల్లి తల లేపకుండ అన్నది:
"నువ్వు ఇచ్చినవో లేదో
వచ్చి చెప్పంగనే చూద్దాం తియ్."

ఉప్పల్ గేటు కాడ గూడ్సు పోయినంతసేపు నిలబడ్డ.
జమ్మికుంటల నాలుగు గాజుల దుకాండ్లు తిరిగిన.
ఒక యాకూబ్ సైకిళ్ళు బాగుచేస్తడు.
ఒక యాకూబ్ పోయిన రంజాన్‌కు ముందే మట్టిల కలిసిండట,
ఆయన గాజులమ్మిండో లేదో చెప్పేటోళ్ళు లేరు.
ఇంకో ముసలాయన నోట్లు అటిటు తిప్పిచూసి
"నేను కాదు గని, ఆ బాట ఇంక ఉన్నదా?" అన్నడు.

పొద్దుగూకింది. మోకాళ్ళు గుండ్లయినయి.
పరకాల బస్సు ముంగటనే ఆగింది,
కండక్టరు ఎక్కు ఎక్కుమంటుండు.
జేబుల రెండు ఇరవైలు.
బస్సు సాంబలచ్చి చేన్ల ఆగదు.