సొంత ఊపిరి

ఇరవై ఆరేండ్లు నిప్పును చదివిన.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు అంటుకున్ననాడు
వరంగల్లు మొత్తం దగ్గింది,
ఆ ఘాటు ఇప్పటికీ నా ఖాకీ చొక్కా కాలర్‌ల ఉన్నది.
పత్తి బేల్ పైకి నల్లగ, బుద్ధిగ పండుకుంటది,
లోపల ఎర్రగ గుసగుసలాడుతది.
"పత్తిని నమ్మకుర పిలగా,
మూడొద్దులు దాని పక్కనే కూసో" అనేటోడు
మా లీడింగ్ ఫైర్‌మన్ మొగిలయ్య.

ఆయన ఈ కొత్త నిప్పును చూడకుంటనే పోయిండు.

శివనగర్ల ఆ రాత్రి పదకొండు దాటింది.
మెట్ల కింద బ్యాటరీ బండి, చార్జింగుకు పెట్టి ఉన్నది.
డబ్బ ఉబ్బి వారమైందట.
అసలు చార్జర్ పోతే
సగం ధరకు దొరికినదేదో తగిలించిండట.
ముందు ఒక ఈల.
తర్వాత మక్కప్యాలాలు వేగినట్టు టపటప.
తర్వాత తెల్లటి పొగ,
ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు అమాయకంగ.
ఆవిరి కాదది.
పీలిస్తే ఛాతిల సున్నం పోసినట్టయితది,
రవ్వ తగిలితే గల్లి గల్లే ఉలిక్కిపడ్తది.

మేం పోయేసరికి తిరుమలేశ్
తడి గోనెపట్ట పట్టుకొని లోపటికి ఉరుకుతున్నడు.
"పద్నాలుగు కిస్తీలున్నయన్నా, ఇడ్సిపెట్టు!"
కాలర్ పట్టి గుంజిన.
చొక్కా చినిగింది, పిలగాడు మిగిలిండు.

గాలి ఆపితే చచ్చే నిప్పు కాదు తమ్మీ,
దీని ఊపిరి దీని కడుపులనే ఉంటది.
ఇసుక పోస్తే దుప్పటి కప్పుకొని మండుతది.
దీనికి నీళ్లు కావాలె, బకెట్టు కాదు, ట్యాంకర్లు.
మండుతున్నదాని కోసం కాదు,
పక్కన ఇంకా అంటుకోని చిన్న చిన్న గొట్టాలు
ఒక్కొక్కటే చల్లబడేదాక.
ఆ పని మాది, వీపుకు గాలి సిలిండర్ ఉన్నోళ్లది.
నీ పని దూరం పోవుడు.

రెండో అంతస్తుల జుబేదా బేగం దిగి రాలేదు.
గల్లిలోళ్లందరు "దిగు, దిగు" అని మొత్తుకున్నరు.
ఆమె మెట్లనిండ పొగ చూసింది. తలుపు మూసింది.
పిల్లల తువ్వాలలు, బకెట్ల నానేసిన నైటీ,
ఎవరి షాదీకో కుడుతున్న గరారా
అన్నీ తడిపి తలుపు కింది సందుల కుక్కింది.
ముగ్గురు పిల్లలను వీధి దిక్కు కిటికీకాడ నిలబెట్టి
టార్చిలైటు ఊపింది, ఆపకుంట ఊపింది.
నిచ్చెనెక్కి నేనందుకున్నప్పుడు
చిన్నోడు ఆవలిస్తున్నడు.
"గరారా ఖరాబైంది సాబ్" అన్నదామె,
అన్నిటికన్న ముందు.

గంటన్నరకు మంట పోయింది.
తిరుమలేశ్ ఆ నల్లటి బొక్కలగూడు దగ్గరికి పోబోయిండు.
"ఆరింది గదనే?"
నాకు మొగిలయ్య దగ్గు వినపడ్డది.

తాళ్లు కట్టి, ట్రాలీ మీద ఖాళీ జాగకు తోలినం,
గోడకు దూరంగ, చెట్టుకు దూరంగ.
ఇగ కాపలా.
పిలగాడు వచ్చి నా పక్కన కూసున్నడు,
శవంకాడ కూసున్నట్టు, మాట లేకుంట.

మర్నాడు, ఎండ దిగినంక,
మేం చాయ్ తాగుతుంటే
ఎవ్వలు ముట్టకుంటనే సుయ్యిమన్నది.
మళ్లీ ఈల. మళ్లీ ఆ తెలుపు.
ఖాళీ జాగల ఒంటిగ మండింది.
ఊరకుక్క ఒకటి లేచి, చూసి,
ఇంకో మూలకు పోయి పండుకున్నది.

తిరుమలేశ్ పెదవులు కదులుతున్నయి.
అడుగులు లెక్కపెడ్తున్నడు:
బండి నుంచి మెట్లకు,
మెట్ల నుంచి జుబేదా తలుపుకు.

"ఫోను నేను దిండు కిందనే చార్జింగు పెడ్త అన్నా"
అన్నడు మెల్లగ.
"మా బిడ్డ గూడ" అన్న.

గ్లాసు కింద పెట్టి
ఇంటికి ఫోను చేసిన.