అంగడిపేట స్టేజి

పొద్దుగాల నాలుగున్నర.
దేవరకొండ డిపో ఎనక
మూతబడ్డ బడి వరండాల
పదకొండు చాపలు, ఒక స్టూలు.
పదకొండు మందిమి ఒంగుతం.
స్టూలు మీదాయన ఒంగడు.
ఆయనే మా సారు.

అంజిలయ్య సారుది మర్రిగూడ దిక్కు.
చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళు
ఎన్నుబొక్కలను ఒకదానికొకటి అతికిచ్చినయి.
మెడ తిప్పాలంటె మనిషంత తిరుగుతడు.
కట్టె లెక్క కూసోని
"నుదురు మోకాళ్ళకు ఆనాలె" అంటడు.

మొదటి రోజు నాకు నవ్వొచ్చింది.
ఆయన చూడనే చూసిండు.
"నవ్వు బిడ్డా, నవ్వు గూడ ఊపిరే.
నేను ఒంగక ముప్పయ్యేండ్లాయె.
మీరు ఒంగుతుంటె
నా లోపల ఏదో జరంత సడలినట్టుంటది."

శాంతి కోసం రాలే నేను.
నడుము నొప్పికొచ్చిన.
పల్లెవెలుగుల పద్నాలుగేండ్లు
నిలవడి టికెట్లు కొట్టిన నడుము.
గోళీలు పడక, సెలవు దొరకక
అరువు తెచ్చుకున్న చాప మీద పండుకున్న.

శవాసనం.
కండ్లు మూస్తే చీకటి గాదు, బస్సే.
కోళ్ళ గంప, యూరియా బస్తా,
కిటికీల కెల్లి కక్కుకునే పిల్ల,
చిల్లర, చిల్లర, చిల్లర.

"ఎవరెక్కుతున్రో చూడు, ఎవరు దిగుతున్రో చూడు.
కొట్లాడకు" అన్నడు సారు.

ఇది నాకొచ్చిన పనే గద.
స్టేజి స్టేజికి ఎస్సార్ రాసేదాన్ని.
అట్లనే రాసుడు మొదలువెట్టిన.

కనగల్లు: డ్యూటీ మార్చిన మేనేజరు మీద కోపం,
ఒకటి. నిలవడే ఉంది.
గుర్రంపోడు: పెండ్లి పందిట్ల ఆడిబిడ్డ అన్న మాట.
పదేండ్ల కింద ఎక్కింది, సీటు ఇడ్వది.
దాని పక్కకే అక్క మీద కుళ్ళు.
పాసు అడిగితే ముఖం తిప్పుతది.
అంగడిపేట:

అంగడిపేట కాడ పెన్ను ఆగింది.

మే నెల. రోడ్డు మీద తారు కరుగుతుంది.
ఒక తాత. నెత్తికి రుమాల,
చేతుల ఎక్స్‌రే కవరు.
టికెట్టుకు అయిదు రూపాయలు తక్కువ.
అయిదు రూపాయలు నా సంచిల లేవా?
ఉన్నయి. లెక్కకు మీద ఉన్నయి.
అయినా "దిగు" అన్న.
బస్సంత చూసింది. ఎవ్వలు నోరిప్పలే.
ఆయన మెట్టు మీద ఆగి, నా దిక్కు తిరిగి
"నీ కడుపు సల్లగుండ" అన్నడు.

తిడితే మర్చిపోదును.

చాప మీద నీళ్ళు
చెవులల్లకు కారినయి.
సారు లేచి రాలేడు, ఒంగి తుడ్వలేడు.
చేతికట్టెతోని తుండుగుడ్డను
నా దిక్కు జరిపిండు.
ఏమైందని అడుగలే.

ఇగ నేను మంచిదాన్నైన అనుకునేరు.
నిన్న గూడ ఒకన్ని తిట్టిన,
ఫుట్‌బోర్డు పట్టుకోని యాలాడుతుంటె.
కని తిట్టు నోటికి రాకముందు
ఊపిరొకటి ఎక్కింది.
దానికి జీరో టికెట్టు కొట్టిన.
తిట్టుకు, నోటికి నడుమ
ఒక్క సీటు ఖాళీ అయ్యింది.
తిట్టు జర చిన్నగొచ్చింది, అంతే.

నుదురు ఇంకా మోకాలుకు ఆనదు.
జానెడు ఎడం.
సారు స్టూలు మీదికెల్లి
నన్ను గాదు, ఆ జానెడు జాగను చూస్తడు.
రోజూ చూస్తడు,
పంటకాలువల నీళ్ళెప్పుడొస్తయో చూసినట్టు.

అంగడిపేటల ఇప్పుడు
దిగేటోళ్ళు దిగినంక, ఎక్కేటోళ్ళు ఎక్కినంక
తలుపు పట్టుకోని నిలవడ్త.
రుమాలల కింద ముఖాలు ఎతుకుత.
సైదులు అద్దంల నన్ను చూసి
"ఇంకెవరున్నరక్కా?" అంటడు.

ఉన్నడో, లేడో.
ఎక్స్‌రేల ఏమొచ్చిందో.

లోపటికి గాలి తీస్త.
ఇడుస్త.
"రైట్" అంట.