సున్నా అని రాయి

మొదటిరోజు సువర్ణ మేడమ్ నా చేతికి
బైనాక్యులర్సూ, తాడు కట్టిన పెన్సిలూ,
గళ్లు గీసిన కాగితాల అట్టా ఇచ్చి
ఒకటే చెప్పారు:
కనబడకపోతే ఖాళీగా వదలకు.
సున్నా అని రాయి.

పార్వతీపురం నుంచి వచ్చినదాన్ని.
సముద్రమంటే నాకు అంతవరకు
పిక్నిక్ బస్సు దిగి చీలమండలు తడుపుకున్న ఒక మధ్యాహ్నం.
ఆరువారాల ఇంటర్న్‌షిప్ అంటే
ఎగిరే వెండి వీపులే అనుకున్నాను.
రేవు దాటక ముందే
తిన్న ఇడ్లీ చేపలకు పెట్టేశాను.
ఎల్లాజీ నవ్వలేదు. నిమ్మచెక్క చేతిలో పెట్టి
"దూరం సూడమ్మా, దగ్గిర సూస్తే తిరిగిపోద్ది" అన్నాడు.
మా సర్వే పద్ధతీ అదేనని తరవాత తెలిసింది.

ఐదుంపావుకి ఫిషింగ్ హార్బర్.
ఐసు దంచే చప్పుడు, డీజిలు, రాత్రి వలల తడి.
బయటికెళ్తుంటే కుడిపక్కన డాల్ఫిన్స్ నోస్,
ఊరంత కొండ, ముక్కు చాచుకుని.
ఫిరోజ్‌ది రోజూ ఒకే జోకు: "ఒకటి కనిపించింది, రాసుకో."
రాయను.

ఆరూ పది. గాలి రెండు. సున్నా.
ఆరూ ఇరవై. కుడివైపు ఎండ మెరుపు. సున్నా.
ఆరున్నర. తేలుతున్న చెప్పు, ఎడమకాలిది.
దానికి గడి లేదు.

ఒకరోజు ఇంజను ఆపేసి
నీళ్లలోకి మైకు దింపారు మేడమ్.
చెవులకి తగిలించుకుంటే
అడుగున ఎవరో పోపు పెడుతున్నారు,
ఆవాలు చిటపటా చిటపటా.
రొయ్యలు, అన్నారావిడ. చిటికెలేసే రొయ్యలు.
వాటి వెనక రేవులోకొస్తున్న ఓడ,
మా వీధి రైస్ మిల్లులా, ఆపకుండా.
ఆ మిల్లు గోడ పక్కనే పదో తరగతి చదివాను.
పక్కగదిలో అమ్మని పిలవాలన్నా అరవాలి.
ఇక్కడ అరిచేదెవరో, వినేదెవరో
ముప్పైనాలుగు నిమిషాలు విన్నాను.
అదీ సున్నానే.

ఇరవైమూడో రోజు జోడుగుళ్లపాలెం నుంచి ఫోను.
ఒడ్డున ఒకటి పడి ఉందట.
నేను చూసిన మొదటి డాల్ఫిన్‌కి
కళ్లు కాకులు తినేశాయి.

టేపు ఒక కొస ముక్కు దగ్గర నేను,
తోక చీలిక దగ్గర ఫిరోజ్.
రెండు మీటర్ల పదకొండు. ఆడది.
తోక మొదట్లో వల ఒరుసుకుపోయిన గీతలు.
ఫోటోలో స్కేలు పట్టుకోమన్నారు.
చెయ్యి వణికి మసకొచ్చింది, మళ్లీ తీశాం.
చుట్టూ పిల్లలు, సెల్‌ఫీలు. ఒక ముసలామె
పసుపునీళ్లు చల్లి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయింది.
"మాది కాదమ్మా ఆ వల"
అడక్కుండానే అన్నాడు ఎల్లాజీ.
కాసేపాగి, "ఏమో" అన్నాడు.
ఆ ఏమోకీ గడి లేదు.

కింది దవడలోంచి ఒక పన్ను తెచ్చాం.
పలచగా కోసి, రంగు పట్టించి
మైక్రోస్కోపు కింద పెడితే ఏడాదికో పొర.
లెక్కపెట్టడం నా పని.
ఇరవైఒకటి. మళ్లీ చూస్తే పంతొమ్మిది.
ఫిరోజ్‌కి ఇరవై.
మూడింటి సగటు రాయమన్నారు మేడమ్.
నాకెన్నేళ్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రెండుసార్లు తలంటుకున్నా జుట్టులో వాసన పోలేదు.
రూమ్మేట్ మంచం కిటికీ వైపు జరుపుకుంది.
ఫోన్లో అమ్మ: "డాల్ఫిన్ని చూశావా?"
చూశానన్నాను.
"ఎగిరిందా?"
సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

ఆఖరిరోజు, ఎనిమిదీ నలభై, రుషికొండకి ఎదురుగా
నా వీపు వెనక ఎవరో ఫూ అని ఊదినట్టు...
తిరిగేసరికి
నీళ్లమీద నున్నటి గుండ్రటి మరక,
ఇస్త్రీపెట్టె అప్పుడే ఎత్తిన చోటులా.
ఫిరోజ్ కునుకుతున్నాడు.
ఎల్లాజీ ఇంజను తగ్గించి నావైపు చూశాడు.
"చూశావా?" అడిగారు మేడమ్.
విన్నానండి.
"అయితే?"

పెన్సిలు తాడు బిగిసేదాకా లాగి
గడిలో సున్నా చుట్టాను.
పక్కన మార్జిన్లో, రాయకూడని చోట,
చిన్న అక్షరాలతో:
ఊపిరి.